ఒక్క నంబరుకి ఎన్నాళ్లయ్యా?

పడవ కొన్నవాడు దాన్ని ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలట. నంబరు తీసుకోవాలట. ఆ నంబరు దూరానికి కూడా కనబడేట్టు పడవ ముందు భాగాన రెండు పక్కలా రాయించాలట. లేకపోతే నేరమట. సరే, ఒప్పుకున్నాం. ఎప్పుడు కాదన్నాం? ఇచ్ఛాపురం నుంచి రణస్థలం దాకా 193 కిలోమీటర్ల శ్రీకాకుళం తీరంలో, దాన్ని ఆనుకుని ఉన్న 28 కిలోమీటర్ల విజయనగరం తీరంలో, నాకు నంబరు వద్దన్న జాలరిని ఒక్కణ్ని చూపించండి. అలాంటివాడు దొరకడు. అడిగి అడిగి చెప్పులరిగినవాళ్లు మాత్రం పేట పేటకీ ఉన్నారు.

నంబరు లేకుండా వేటకెళ్తే కేసు రాస్తామని కలం తీసే చెయ్యే, అయ్యా ఆ నంబరేదో ఇప్పించండి అనేసరికి కలం మూసి జేబులో పెట్టుకుంటుంది. అడిగేది ప్రభుత్వమే, ఇవ్వాల్సింది ప్రభుత్వమే, ఇవ్వనందుకు శిక్ష వేసేదీ ప్రభుత్వమే. మధ్యలో మునిగేది మేము.

నేను ఆ ఒడ్డున పుట్టి, చదువు పుణ్యాన పట్నంలో నెలజీతం తీసుకుంటున్నవాణ్ని. పేటలో ఎవరికి కాయితం వచ్చినా నాకు ఫోను వస్తుంది. అలా వాళ్ల అర్జీలు నింపీ నింపీ పుట్టిన కోపం ఇది. దీన్ని మర్యాదగా చెప్పే ఓపిక నాకిప్పుడు లేదు.

అసలీ నంబరు ఎక్కణ్నుంచి వచ్చిందో తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. 1958 నాటి మర్చంట్ షిప్పింగ్ చట్టంలో చేపల పడవల కోసం 1983లో ఒక ప్రత్యేక భాగం చేర్చారు. మన రాష్ట్రానికి 1994లో సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం వచ్చింది. కాయితాల మీద అవి ఉన్నా, ఒడ్డున మాత్రం చాలాకాలం ఎవరి దారి వాళ్లదే. 2008 నవంబరు 26న ముంబయి మీద పడ్డవాళ్లు సముద్రం మీంచి వచ్చారు. పోరుబందరుకు చెందిన కుబేర్ అనే చేపల పడవని నడిసంద్రంలో పట్టుకుని, దాని మీదున్న మనుషుల్ని చంపి, ముంబయి దాకా వచ్చారు. అప్పటికి గానీ ఢిల్లీకి చేపల పడవలు గుర్తు రాలేదు. 2009 జూన్‌లో నోటిఫికేషన్లు వచ్చాయి. దేశమంతా ఒకే వరసలో నంబర్లన్నారు. ముందు ఐఎన్‌డి, తర్వాత ఏపీ, ఆపైన రిజిస్ట్రీ గుర్తు, ఆ తర్వాత పడవ రకం. పెద్ద మరపడవైతే ఎంఎం, ఇంజిన్ బిగించిన చిన్న పడవైతే ఎంఓ, తెడ్డూ తెరచాపా మీద నడిచేదైతే ఎన్‌ఎం. చివర అంకెలు. ఇవన్నీ ఎక్కించడానికి ఎన్‌ఐసీ వాళ్లు రియల్‌క్రాఫ్ట్ అని ఒక పోర్టల్ కట్టారు.

ఒక్క సంగతి గమనించండి. కుబేర్ నంబరు లేని దొంగపడవ కాదు. నమోదైన పడవే. ఆ దాడిలో మొదట ప్రాణాలు పోయింది దాని తండేలుకీ, కళాసీలకీ. అంటే మాలాంటివాళ్లకే. అయినా ఆ రోజు మొదలు అనుమానపు చూపు మా మీదే. ఆ చూపుని కూడా భరించాం. దేశం కోసం అంటే సరేనన్నాం. గుర్తింపు కార్డులకి వేలిముద్రలిచ్చాం, ఫొటోలు దిగాం, చెప్పిన రంగులు పూయించాం.

నంబరు రాయించడం కూడా చెప్పినంత తేలికేం కాదు. మాకు హార్బరు లేదు, జెట్టీ లేదు. వేట నుంచి వచ్చిన పడవని కెరటం అదను చూసి ఒడ్డుకి తోసి, కింద దుంగలు వేసి, పదిమందీ కలిసి ఇసకలోకి లాగాలి. ట్రాక్టరుకి డబ్బులుంటే ట్రాక్టరు కట్టి లాగాలి. ఆ రాపిడికీ ఉప్పుగాలికీ అణియం మీద, అంటే పడవ ముందు భాగాన రాసిన అక్షరం పట్టుమని ఒక ఏడాది నిలవదు. 'ఏపీ'లో 'ఏ' ఊడిపోతుంది, అంకెల్లో ఎనిమిది కాస్తా మూడైపోతుంది. మళ్లీ పెయింటరుని బతిమాలాలి, మళ్లీ అచ్చురేకు పెట్టి ఎనామిల్ పూయించాలి. ఆ ఖర్చంతా మాదే. అదీ పెట్టుకుంటాం, రాయడానికి నంబరంటూ ఉంటే.

ఇప్పుడు మా బావ సంగతి చెప్తాను.

మా అప్ప మొగుడు మీసం రాని వయసులో వెరావల్ రైలెక్కాడు. మా వైపు మగపిల్లలందరి రైలు అదే. హార్బరు లేని తీరంలో సొంత పడవ లేనివాడు ఇంకేం చేస్తాడు? ఆగస్టులో వెళ్తే మళ్లీ వేసవికే ఇల్లు. గుజరాత్ సేటు పడవ అణియం మీద ఐఎన్‌డి-జీజే అని తెల్లటి అక్షరాలు తళతళలాడుతుండేవి. ఆ నంబరు కిందే ఆయన వయసంతా కరిగిపోయింది. 2018 నవంబరు ఆఖర్లో అక్కడి పడవల మీద వేటకెళ్లిన మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మనుషుల్ని పాకిస్తాన్ వాళ్లు పట్టుకుపోయినప్పుడు పేటంతా వారాల తరబడి పొయ్యి వెలిగించలేదు. 2020 జనవరి 6న 20 మంది వాఘా దాటి ఈ గడ్డ మీద కాలు పెట్టారు. ఆ కథని 2025లో 'తండేల్' అని సినిమా తీశారు, ఊరూరా చప్పట్లు కొట్టాం. ఆ ఏడాదే అక్టోబరులో విజయనగరం జిల్లావాళ్లు 9 మంది దారి తప్పి బంగ్లాదేశ్ చేతికి చిక్కారు. సినిమాకి చప్పట్లు కొట్టినవాళ్లలో, అసలు వీళ్లు సొంత ఒడ్డు వదిలి ఎందుకు పోతున్నారని అడిగినవాళ్లెందరు?

మా బావ ఆ ప్రశ్నకి తానే జవాబు చెప్పాలనుకున్నాడు. ఇంక పోనన్నాడు. వెరావల్లో కూడబెట్టిందీ, మా అప్ప మెడలో పుస్తెలు వదిలేసి మిగతా బంగారమంతా తాకట్టు పెట్టిందీ, సంఘంలో తీసిన అప్పూ అన్నీ పోగేసి ఒక ఫైబర్ పడవ కొన్నాడు. ఇంజిన్, వలలు కలుపుకుంటే లెక్క లక్షల్లో తేలింది. పసుపు రాసి, కుంకుమ పెట్టి, గంగమ్మ తల్లికి కోడిని కోసి నీళ్లలోకి దింపారు. పెయింటరు పడవకి కళ్లు గీశాడు, తల్లి పేరు రాశాడు, వాటి పక్కన జానెడు వెడల్పున బారెడు పొడవున నీలం పట్టీ వేసి ఖాళీగా వదిలాడు. "నంబరు రాగానే కబురెట్టండి, ఊరకనే రాసేత్తాను" అన్నాడు. పాపం, వారంలో వస్తుందనుకున్నాడు.

అర్జీ నేనే నింపాను. ఆధార్, పడవ కట్టిన యార్డు కాయితం, ఇంజిన్ బిల్లు, నాలుగు పక్కల ఫొటోలు, అన్నీ ఎక్కించాను. ఆ తర్వాత మొదలైంది అసలు వేట. ఇంజిన్ బిల్లు మీద ఇంటిపేరు లేదు, ఆధార్‌లో ఉంది, ఇద్దరూ ఒకరేనని రాయించుకు రండి అన్నారు. రాయించాం. యార్డు కాయితం మీద ముద్ర సరిగా కనబడ్డం లేదన్నారు. కొత్త ముద్ర వేయించాం. ఓటీపీ పాత ఫోనుకి వెళ్తోందన్నారు. ఆ ఫోను సముద్రంలో పడి ఏడాదైంది, ఆధార్ కేంద్రానికి పోయి నంబరు మార్పించాం. సైటు తెరుచుకోడం లేదన్నారు. సైటు తెరుచుకున్నాక సారు మీటింగులో ఉన్నారన్నారు. సారు మీటింగు అయ్యాక, పడవని కళ్లారా చూడాలి, ఇన్‌స్పెక్షన్‌కి మనిషి వస్తాడన్నారు. మనిషి కోసం బావ వేట మానుకుని ఒడ్డున కూర్చున్నాడు. రాలేదు. గ్రామ సచివాలయంలో అడగండన్నారు. సచివాలయంలో ఉన్న కుర్రాడు, మాది చూసి పైకి పంపడం వరకే అండీ, మండలంలో అడగండన్నాడు. మండలంలో మళ్లీ సచివాలయం పేరే చెప్పారు.

ఒకరోజు బావ అడిగాడు. "బాబూ, ఇది కాదంటే కాదని సెప్పీండి. కాయితం మీద రాసి ఇచ్చీండి. మేం ఇంకో దారి సూసుకుంటాం."

ఆ గుమస్తా తల ఎత్తకుండా అన్న మాట ఇది: "రిజెక్ట్ అవలేదు కదయ్యా, పెండింగులో ఉంది. పెండింగు అంటే మంచిదే."

మంచిదట! ఎవరికి మంచిదయ్యా? కాదని రాస్తే మీరు కారణం చెప్పాలి, మేము పైకి వెళ్లొచ్చు. అవునని రాస్తే మాకు నంబరు వస్తుంది. ఈ రెండూ కాకుండా ఏళ్లు గడిపేయడానికి కనిపెట్టిన మాట పెండింగు. ఆ కార్యాలయం పేరు నేను చెప్పను. చెబితే అక్కడున్న చిన్న ఉద్యోగి ఒకడికి మెమో ఇచ్చి పెద్దలంతా చేతులు కడుక్కుంటారు. ఈ జబ్బు ఒక్క బల్ల దగ్గర పుట్టింది కాదు, ఒక్క బల్ల దగ్గర చావదు.

మా అప్ప చదువుకోలేదు గానీ లెక్క తెలిసిన మనిషి. కానాగంతల చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగి, బాకీలన్నీ నోటిలెక్కతోనే గుర్తుంచుకుంటుంది. ఆమె అడిగింది: "ఏట్రా తమ్ముడా, గుంటడు పుడితే నెల తిరక్కుండా పుట్టిన కాయితం ఇచ్చినారు. పడవకి ఇన్నాళ్లేటి? మనిసికన్నా పడవ పెద్దదేటి ఆళ్లకి?" నా దగ్గర జవాబు లేదు. బజారులో బైకు కొంటే షోరూం గడప దాటకముందే తాత్కాలిక నంబరు చేతిలో పెడతారు. పెద్ద నంబరు దాని వెనకే వస్తుంది. రోడ్డు మీద తిరిగే బండికి ఉన్న మర్యాద, కెరటం మీద ఆరు ప్రాణాల్ని మోసే పడవకి ఎందుకు లేదు?

ఈ ఖాళీ పట్టీ ఖరీదు ఎంతో ఏప్రిల్ నెలలో తెలుస్తుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతా వేట నిషేధం. 61 రోజులు. చేప గుడ్డు పెట్టుకునే కాలం, మేము కాదనం. ఆ రెండు నెలలకీ భృతి ఇస్తారు. ఒకప్పుడు 10,000 ఉండేది, 2025లో 20,000 చేశారు. ఆ ఏడాది ఏప్రిల్ 26న ముఖ్యమంత్రి మన ఎచ్చెర్ల మండలం బుడగట్లపాలెం వచ్చి 'మత్స్యకార సేవలో' పథకం మొదలుపెట్టారు. మంచి పనే. కానీ ఆ డబ్బు పడవ నంబరు పట్టుకుని వస్తుంది. నంబరు లేకపోతే పడవే లేదు, పడవే లేకపోతే దాని మీద కళాసీలు లేరు. ఒక పడవ మీద ఐదుగురుంటే లక్ష రూపాయలు. ఒక్క ఖాళీ పట్టీ వల్ల ఐదు ఇళ్లకి రావాల్సిన లక్ష రూపాయలు ఇసకలో కలిసిపోతాయి. డీజిలు మీద లీటరుకి ఇచ్చే 9 రూపాయల రాయితీ సంగతీ అంతే. బీమా కంపెనీ సంగతీ, బ్యాంకు సంగతీ అంతే.

నిషేధం మొదలయ్యాక లెక్క రాసుకోడానికి ఒడ్డుకి మనుషులొచ్చారు. నేనూ అక్కడే ఉన్నాను. పడవలన్నీ వరసగా ఇసకలో ఉన్నాయి. చేతిలో ఫోను పట్టుకున్న పిల్లవాడు ఒక్కో అణియం దగ్గర ఆగి, నంబరు చదివి, ఫొటో తీసి, యజమానినీ కళాసీలనీ పేరు పేరునా అడిగి ఎక్కించుకుంటున్నాడు. మా బావ తన పడవ పక్కన ఉతికిన చొక్కా వేసుకుని నిలబడ్డాడు. వెనక ఆయన కళాసీలు, ఆధార్ కార్డులు చేతిలో పట్టుకుని. పిల్లవాడు వచ్చాడు, నీలం పట్టీ చూశాడు, ముందుకెళ్లి పక్క పడవ దగ్గర ఆగాడు.

బావ వెనకే వెళ్లాడు. "ఓ బాబూ, నాది ఒగ్గేసినావేటి?"

"నంబరు కొడితేనే యాప్ తీసుకుంటది తాతా. నేనేం చెయ్యలేను."

"పడవ కనబడతంది కదేటి?"

"కనబడతంది. యాప్‌లో కనబడట్లేదు."

ఆ పిల్లవాణ్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు. అతని చేతిలో ఉన్నది అంతవరకే. కానీ ఆ యాప్ చేయించినవాళ్లనీ, చేయించి చల్లగా కూర్చున్నవాళ్లనీ అడుగుతున్నాను. ఏడాదిలో 61 రోజులపాటు ఈ తీరంలోని పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. మనుషులూ ఒడ్డునే ఉంటారు. మీ సిబ్బంది ఎలాగూ ఒడ్డుకి వస్తారు. ఇన్‌స్పెక్షన్‌కి మనిషి వస్తాడన్నారే, ఇదిగో మనిషి, ఇదిగో పడవ, ఇదిగో ఫోను! నంబరున్న పడవకి టిక్కు పెట్టే చేత్తోనే, లేని పడవని కొలిచి, ఫొటో తీసి, అక్కడికక్కడే ఇన్‌స్పెక్షన్ అయిందని రాయడానికి ఏం అడ్డం వచ్చింది? ఇది ఆలోచించడానికి ఐఏఎస్ చదవక్కర్లేదు. ఒడ్డుకొచ్చి ఒక పూట నిలబడితే చాలు. ఆ ఒక్క పూట నిలబడ్డానికి ఎవరికీ తీరిక లేకపోయింది.

ఇంకో సంగతి. మాకు నంబరు కావాలన్నది భృతి కోసమే అనుకునేవాళ్లకి చెప్తున్నాను, వినండి. తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు చిన్న పడవలది, సంప్రదాయ జాలర్లది. పెద్ద మరపడవలు అందులో వేటాడకూడదు. రాష్ట్ర నిబంధనే అది. కానీ రాత్రిపూట ట్రాలర్లు మా వలల మీదుగా పోతాయి. తెల్లారి వెళ్లి చూస్తే బెండ్లు తెగి ఎటో కొట్టుకుపోయి ఉంటాయి, వల సగం ఉండదు. నెలల సంపాదన పెట్టి కొన్న వల. కంప్లయింటు ఇవ్వడానికి వెళ్తే మొదటి ప్రశ్న ఏమిటో తెలుసా? "పడవ నంబరు చూశావా?"

చీకట్లో, కెరటాల మధ్య, పెట్రోమాక్సు లైటు వెలుతురుకి ఏం కనబడుతుంది? పగలు కనబడినా, ఆ పెద్ద పడవల అణియం మీద అంకెలు మాసిపోయి ఉంటాయి, లేకపోతే వాటి మీద టైర్లు వేలాడుతూ ఉంటాయి. అవి హార్బర్లో పగలంతా నిలబడే ఉంటాయి కదా? మాసిన నంబర్లు మళ్లీ రాయించందే బయటికి పంపమని అక్కడ ఒక్క మాట అనేవాళ్లు లేరు. మా ఒడ్డున చిన్నపడవకి నంబరు లేదని బెదిరించే నోరు, నంబరు దాచుకుని వచ్చి మా వల కోసేవాడి దగ్గర పలకదు. నంబరు నిజంగా ఎవరికైనా కావాలంటే, ముందుగా మాకు కావాలి. వాళ్ల పడవల మీద చదవడానికి మాకు కావాలి. మా పడవ మీద చూపించుకోడానికి మాకు కావాలి.

తుపాను వస్తే ఈ అవమానం రెట్టింపు. 2018 అక్టోబరు 11న తిత్లీ మా పలాస, వజ్రపుకొత్తూరు తీరం మీద పడింది. కొబ్బరీ, జీడీ, పడవలూ, వలలూ ఊడ్చుకుపోయాయి. విపత్తు సాయం నిబంధనల ప్రకారం ఈమధ్య దాకా లెక్క ఏమిటంటే, పూర్తిగా పోయిన పడవకి 15,000 రూపాయలు, పూర్తిగా పోయిన వలకి 4,000. లక్షలు పోసి కొన్న పడవకి 15,000! ఇంజిన్ బోల్టులకి కూడా చాలవు. ఆ బోల్టుల డబ్బు కూడా మళ్లీ పడవ కాయితాలు చూపించినవాడికే. కెరటం పడవని పట్టుకుపోతే, ఉన్నట్టు రుజువేదీ అని అడుగుతారు. ఉన్నప్పుడు లెక్కలోకి రాయనివాళ్లు, పోయాక ఉన్నట్టు రుజువు తెమ్మంటారు.

ఇంతకన్నా విచిత్రం వినండి. కొత్త పడవకి నంబరు రాదు గానీ, ఎప్పుడో పురుగు తిని ఇసకలో కుళ్లిపోయిన తెప్పకి నంబరు బతికే ఉంటుంది. పాత పడవ కొనుక్కున్నవాడి అవస్థ ఇంకో రకం. పడవ వీడిది, నంబరు అమ్మినవాడి పేరు మీద. పేరు మార్చమంటే అమ్మినవాడు వచ్చి సంతకం పెట్టాలంటారు. వాడు పారాదీప్‌లోనో చెన్నైలోనో వేటలో ఉంటాడు, లేకపోతే కాలం చేసి ఉంటాడు. పేరు మారేదాకా లాభమేదైనా వస్తే అమ్మినవాడికి, కేసేదైనా వస్తే నడిపేవాడికి.

ఇదంతా చిన్న గుమస్తా వ్యవహారం, దీనికింత రాద్ధాంతమా అంటారేమో. 2012 ఫిబ్రవరి 15న కేరళ తీరానికి దూరంగా ఇటలీ ఓడ మీది కాపలా సైనికులు సెయింట్ ఆంటోనీ అనే చేపల పడవ మీద కాల్పులు జరిపి ఇద్దరు జాలర్లని చంపారు. ఆ కేసు మన సుప్రీంకోర్టు దాకా, ఆపైన అంతర్జాతీయ ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. అక్కడ కూడా ఈ పడవ రాష్ట్ర చట్టం కింద నమోదైంది, మర్చంట్ షిప్పింగ్ చట్టం కింద కాదు అన్న సంగతి చర్చకొచ్చింది. మనుషులు చచ్చిపోయిన కేసులో పడవ కాయితం ఏ చట్టం కింద ఉందని చూశారు. నడిసంద్రంలో పరాయిదేశం వాడు మా పడవని ఆపితే మొదట చదివేది అణియం మీది అక్షరాలే. ఐఎన్‌డి అన్న ఆ మూడక్షరాలే నీళ్ల మీద మా దేశం. ఆ మూడక్షరాలు రాసుకునే హక్కు కోసం మేము బల్లల చుట్టూ తిరగాలా?

మీరు చెప్పబోయే జవాబులు నాకు తెలుసు. సిబ్బంది లేరంటారు. నిజమే కావచ్చు, అది మా తప్పా? ఖాళీలు నింపాల్సింది జాలర్లా? సర్వరు సమస్యంటారు. భృతి ఇవ్వకూడనివాణ్ని ఏరేయడానికి సర్వరు చకచకా పనిచేస్తుంది, నంబరు ఇవ్వడానికే మొరాయిస్తుందా? చూడకుండా నంబరిస్తే దేశభద్రతకి ముప్పంటారు. మరి నంబరు లేకుండా తిరిగే పడవ మాట? నమోదు ఆపి కూర్చున్నంత కాలం ఆ పడవ ఎవరిది, ఎక్కడిది, మీద ఎవరున్నారు అన్న లెక్క మీ దగ్గరే ఉండదు. భద్రతకి ముప్పు మా బావ కాదు, ఆయన అర్జీ మీద దుమ్ము పట్టనిచ్చిన నిర్లక్ష్యం.

డబ్బు లేదని మాత్రం అనకండి. 2024 ఆగస్టులో లక్ష పడవలకి ఉపగ్రహ ట్రాన్స్‌పాండర్లు పెడతామని 364 కోట్ల పథకం మొదలుపెట్టారు. అదే రియల్‌క్రాఫ్ట్ ద్వారా దూరసముద్రంలో వేటాడే పెద్ద పడవలకి ప్రవేశ పాసులు ఇచ్చే నిబంధనలు 2025 నవంబరులో తెచ్చారు. మా తీరాన మూలపేటలో పోర్టుకీ, భోగాపురంలో విమానాశ్రయానికీ కోట్లకి కోట్లు పోశారు. ఓడలకి దారి చూశారు, విమానాలకి దారి చూశారు. ఆకాశం నుంచి చూసి పడవని గుర్తుపట్టే యంత్రం కొన్నారు. ఒడ్డున కళ్లెదురుగా ఉన్న పడవని చూసి ఒక కాయితం మీద సంతకం పెట్టే మనిషిని మాత్రం పంపలేకపోయారు.

మేము అడుగుతున్నది దానమేం కాదు. నాలుగు ముక్కల్లో చెప్తాను, రాసుకోండి. పడవ అర్జీ అందిన రోజునే రశీదు ఇవ్వండి, ఆ రశీదు మీది అంకెనే తాత్కాలిక నంబరుగా ఒప్పుకోండి, పక్కా నంబరు వచ్చేదాకా భృతికీ రాయితీకీ అదే చెల్లాలి. నంబరు ఇవ్వడానికి గడువు పెట్టండి, గడువు దాటితే ఎవరి బల్ల మీద ఆగిందో వాళ్ల పేరు ఆ కార్యాలయం గోడ మీద కనబడాలి. కాదనదలిస్తే కారణం తెలుగులో రాసి చేతికివ్వండి. వేట నిషేధం 61 రోజుల్లో పేట పేటకీ వచ్చి నమోదు శిబిరాలు పెట్టండి. పేరు మార్పులూ, చచ్చిన పడవల నంబర్ల రద్దూ అక్కడే తేల్చండి. అదే ఊపులో హార్బర్లలో పెద్ద పడవల నంబర్లు చదవగలిగేట్టు ఉన్నాయో లేవో చూడండి. లేకపోతే కదలనివ్వకండి. చట్టం మాకైనా వాళ్లకైనా ఒక్కటే అని ఒక్కసారి రుజువు చేయండి.

మా బావ ఇప్పటికీ వేటకెళ్తూనే ఉన్నాడు. నంబరు లేకుండానే. మీ చట్టం ప్రకారం రోజూ నేరం చేస్తున్నాడు. అప్పులవాడికి పెండింగు అన్న మాట చెల్లదు, పిల్లల ఆకలికి సర్వరు డౌన్ అవదు. రేపెవరైనా ఆయన్ని నడిసంద్రంలో ఆపి నంబరేదని గదమాయిస్తే, ఆయన చెప్పే జవాబు నాకు ముందే చెప్పాడు: "మీ దగ్గరే ఉంది బాబూ, మీరే ఇవ్వనేదు."

ఏప్రిల్ 15 రాక మానదు. మళ్లీ ఫోను పట్టుకుని మా ఒడ్డుకి మనిషిని పంపుతారు. ఈసారి వచ్చేవాడు మా పడవల్ని దాటుకుంటూ పోలేడు. నంబరు లేని పడవలు ఎన్నో, అర్జీ పెట్టి ఎన్నాళ్లయిందో, ఎవరి బల్ల దగ్గర ఆగిందో మేమే పుస్తకం రాసి పెడుతున్నాం. ఆ పుస్తకం తీసుకుని, దాని మీద సంతకం పెట్టి, అందినట్టు రశీదు ఇచ్చాకే ఆయన పక్క పడవ దగ్గరికి వెళ్లాలి. ఇన్నాళ్లూ మీరు మమ్మల్ని నంబరు అడిగారు. ఇకనుంచి మేము మిమ్మల్ని లెక్క అడుగుతాం.